అరవై మూడో నంబరు ఆకు

మంగతాయారు బదిలీకి అడ్డం పడింది ఒక బిర్యానీ ఆకు. కోర్టు స్టే కాదు, ఎన్నికల కోడ్ కాదు, గిట్టనివాళ్ళు రాసిన ఆకాశరామన్న ఉత్తరం కూడా కాదు. బెత్తెడు పొడవున్న ఒక ఎండుటాకు.

పదకొండేళ్ళుగా ఆవిడ ప్రభుత్వ గృహపాక శిక్షణ కేంద్రంలో వంట నేర్పే ఉద్యోగం చేస్తోంది. ఇంట్లో వంట ఎలా చేసుకోవాలో ఆడవాళ్ళకీ, ఆసక్తి ఉంటే మగవాళ్ళకీ ఆర్నెల్లపాటు నేర్పి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ అది. మగవాళ్ళలో ఇంతవరకూ ఒక్కడే చేరాడు. ఆ ఒక్కడూ టైపు ఇన్‌స్టిట్యూట్ అనుకుని చేరి, సంగతి తెలిశాక కూడా మొహమాటపడి పప్పుచారు దాకా నేర్చుకుని వెళ్ళిపోయాడు.

ఆవిడ భర్త తాతారావుకి రాజోలులో లారీల రిపేరు షెడ్డుంది. షెడ్డుని అక్కణ్ణుంచి కదపడం కుదరదు, ఉద్యోగాన్ని ఇక్కణ్ణుంచి కదపడం ఆవిడ చేతిలో లేదు. కూతురికి పెళ్ళై భీమవరం వెళ్ళిపోయాక తాతారావు పూర్తిగా కర్రీ పాయింటు కూరల పాలబడ్డాడు. జిల్లాలో సగం వంటిళ్ళకి రుచి నేర్పిన మనిషి మొగుడు సాయంత్రం పూట ప్లాస్టిక్ సంచీలో సాంబారు మోసుకెళ్తుంటే ఊళ్ళోవాళ్ళు చూసి జాలిపడేవారు.

కుటుంబ కారణాల మీద మంగతాయారు ఏడాదికొకటి చొప్పున బదిలీ అర్జీలు పెడుతూనే ఉంది. పదకొండోది ఎవరి దయవల్లనో పైకెక్కింది. రాజోలులో బాలికల హాస్టల్‌కి వంట పర్యవేక్షకురాలిగా వెయ్యడమైనదని ఉత్తర్వు వచ్చింది. పదిహేను రోజుల్లోగా వెళ్ళి చేరాలి, చేరకపోతే ఉత్తర్వు రద్దు. చేరాలంటే ముందు ఇక్కడ రిలీవ్ కావాలి. రిలీవ్ కావాలంటే తన చేతికింద ఉన్న సామాను మొత్తం ఒక్కటి కూడా తగ్గకుండా అప్పజెప్పాలి. గిన్నెలు సరిపోయాయి, గరిటెలు సరిపోయాయి, అప్పడాల కర్రలు సరిపోయాయి. బిర్యానీ ఆకులు మాత్రం వంద ఉండాల్సింది తొంభై తొమ్మిదే తేలాయి.

బిర్యానీ ఆకు ఎప్పటినుంచి సామానయిందని మీరడగొచ్చు. అడగాల్సిందే. దానికి కిందటేడు జరిగిన తనిఖీ గురించి చెప్పాలి.

ఆ తనిఖీకి వచ్చినవారు ప్రాంతీయ ఉపసంచాలకులు చక్రధరం గారు. ఆయనకి ప్రశ్నలడగడమంటే ఇష్టం, జవాబులంటే అంత ఇష్టం ఉండదు. ఆ రోజు శిక్షణలో ఉన్న ఆడవాళ్ళందరూ కలిసి కూరగాయల పలావు చేసి పెట్టారు. చక్రధరం గారు రెండుసార్లు వడ్డించుకుని తృప్తిగా తిన్నారు. తినడం పూర్తయ్యాక కంచం అంచున మిగిలిన ఆకుని రెండు వేళ్ళతో పైకెత్తి వెలుతురులో పెట్టి చూశారు.

"ఇది ఏమిటి?"

"బిర్యానీ ఆకండి," అంది మంగతాయారు.

"దీనిని తినవలెనా?"

"అబ్బే, తినక్కర్లేదండి. వాసనకి వేస్తావండి. పక్కన పెట్టేయడవేనండి."

"అందరూ పక్కన పెట్టెదరా?"

"ఆయ్. అందరూనండి."

చక్రధరం గారు కేంద్రం సూపరింటెండెంట్ గున్నేశ్వరరావు వైపు తిరిగారు. "ఎవరూ తినని వస్తువును తిండి సరుకుల రిజిస్టరులో ఎందుకు నమోదు చేసినారు?"

గున్నేశ్వరరావు నీళ్ళు నమిలాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆ కేంద్రంలో ఆయన ఇష్టంగా నమిలింది అదొక్కటే.

"గరిటె వంటలోనికి పోవును, వంట కాగానే బయటికి వచ్చును. గరిటెను తినెదరా?"

"తినవండి."

"గరిటె ఏ రిజిస్టరులో ఉన్నది?"

"డెడ్ స్టాకు రిజిస్టర్లోనండి. బల్లలు, ఫ్యాన్లు, గ్యాస్ పొయ్యిలతో పాటు."

"ఈ ఆకు కూడా వంటలోనికి పోయినది, వంట కాగానే బయటికి వచ్చినది. మరి గరిటెకూ దీనికీ భేదమేమి?"

మంగతాయారుకి భేదం తెలుసు. పదకొండేళ్ళుగా ఆవిడ చెప్తున్న పాఠమే అది. "అలాగైతే లవంగాలూ, దాల్చిన చెక్కా కూడా..." అని మొదలుపెట్టబోయింది. స్టోర్‌కీపర్ నూకరాజు వెనకనుంచి ఆవిడ చీర కొంగు పట్టుకుని లాగినంత పనిచేశాడు. "మేడమ్, మీకు పుణ్యవుంటది, ఊరుకోండి. లవంగాలక్కూడా నంబర్లెయ్యమంటారు. నా వల్ల కాదు."

వారం తిరక్కుండా మెమో వచ్చింది. "వంట యందు పాల్గొని, వంట ముగిసిన పిమ్మట యథారూపమున వెలుపలికి వచ్చు ఏ వస్తువైనను వంట పరికరముగా పరిగణింపబడును. అట్టి పరికరమును ఒక్కసారి వాడి పారవేయుట ప్రభుత్వ ఆస్తిని ధ్వంసము చేయుటతో సమానము. కావున కేంద్రము నందలి బిర్యానీ ఆకులన్నియు తక్షణమే డెడ్ స్టాకు రిజిస్టరుకు బదిలీ చేసి, క్రమసంఖ్యలు వేసి, వాడిన ప్రతిసారియు కడిగి, ఆరబెట్టి, స్టోరునకు తిరిగి అప్పగించవలెను."

మంగతాయారుకి అన్నేళ్ళుగా దొరకని బదిలీ ఆకుకి వారంలో దొరికింది.

నూకరాజు ప్యాకెట్లన్నీ బల్లమీద కుమ్మరించి, చిరగనివి, తునగనివి ఏరి సరిగ్గా వంద ఆకులు పక్కన పెట్టాడు. చిరిగినవాటిని అసంపూర్ణ పరికరాలుగా లెక్కగట్టి మూటగట్టాడు. మొదట పెన్నుతో ఆకు మీదే నంబరు రాశారు. ముప్ఫై ఏడో నంబరు సిరా మొత్తం పలావులోకి దిగిపోయి, అన్నం నీలిరంగులో వచ్చింది. దాంతో అల్యూమినియం బిళ్ళలు చేయించి, వాటి మీద నంబర్లు కొట్టించి, దారంతో ఆకు తొడిమకి కట్టారు. అది మొదలు పలావు కలుపుతున్నప్పుడల్లా గిన్నెలోంచి గజ్జెల చప్పుడు వచ్చేది.

పాఠం చెప్పడం కూడా మారిపోయింది. అంతకుముందు మంగతాయారు కొత్త బ్యాచి రాగానే గుప్పెడు ఆకులు తెచ్చి అందరి చేతుల్లోనూ పెట్టేది. "మరీ గోధుమరంగుకి తిరిగిపోయింది వద్దమ్మా, కాస్త పచ్చదనం మిగిలుండాలి. పొడుగూతా మూడు ఈనెలు కనపడాలి. అంచు కొద్దిగా విరవండి. చిటుక్కుమందా? వాసన ముక్కుకి కొట్టిందా? అదీ ఆకంటే. నూనె కాగ్గానే ముందర ఇదే పడాలి. అటూ ఇటూ నాలుగు బుడగలొచ్చి వాసన లేచాకే ఉల్లిపాయలు. కిలో బియ్యానికి రెండు చాలు, మంచిదని గుప్పెడేస్తే చేదెక్కిపోద్ది," అని వరసగా చెప్పుకుపోయేది. ఆ పాఠం విని వెళ్ళిన ఆడవాళ్ళు కిరాణా కొట్లో ప్యాకెట్టు చించి వాసన చూడందే కొనేవాళ్ళు కాదు.

ఇప్పుడు ఆకుని విరిచి చూడడం ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించడం కిందికొస్తుంది. అందుకని విరిస్తే ఎలా ఉంటుందో ఆవిడ నోటితోనే చెప్పాల్సొచ్చేది. చప్పుడు కూడా తనే చేసి వినిపించేది. నూనెలో వేస్తే ఆకు నల్లబడుతోందని రెండో మెమో వచ్చి, నూనె కూడా పోయింది. ఉడుకుతున్న ఎసట్లో వేసి, ఉడకగానే తీసి, కడిగి, వరండాలో కట్టిన తాడుకి క్లిప్పులు పెట్టి ఆరబెట్టేవారు. గాలి వీస్తే ఎగిరిపోకుండా ఇద్దరు కాపలా ఉండేవారు.

పదిసార్లు ఉడికేసరికి ఆకుల్లో వాసన సగమైంది. ఇరవైసార్లకి పూర్తిగా పోయింది. ముప్ఫయ్యోసారి వరహాలు అనే ఆవిడ తన ఆకుని ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు పీల్చింది. వరహాలు కాకరపర్రు నుంచి రోజూ బస్సులో వచ్చి నేర్చుకునేది. మనసులో మాట నోట్లో ఆగని మనిషి.

"మేడమ్, ఇది ఆకాండి, అట్టముక్కాండి?"

"ఆకేనమ్మా. సర్వీసు ఎక్కువైపోయింది," అంది మంగతాయారు.

రెండో తనిఖీకి చక్రధరం గారు వచ్చి పలావు రుచి చూసి, సువాసన లేదని నొసలు ముడివేశారు. కొత్త ఆకులు ఇప్పించమని మంగతాయారు బతిమాలుకుంది. ఉన్నవి పనికిరావని ముందు తేలాలి కదా అన్నారాయన. అది తేల్చడానికి ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు. కమిటీకి అధ్యక్షులు చక్రధరం గారు, సభ్యుడు గున్నేశ్వరరావు, కార్యదర్శి నూకరాజు. నిబంధనల పుస్తకంలో బల్లకి పదిహేనేళ్ళు, గరిటెకి పదేళ్ళు ఆయుర్దాయం రాసి ఉంది. ఆకు పేరెక్కడా లేదు. ఆకుకి అతి దగ్గరగా ఉన్న వస్తువు వెతకగా వెతకగా తాటాకు చాప దొరికింది. దానికి ఐదేళ్ళు. కాబట్టి బిర్యానీ ఆకు ఆయుర్దాయం ఐదేళ్ళనీ, ఇప్పటికి పది నెలలే అయింది గనక ఆకులన్నీ పడుచు వయసులో ఉన్నాయనీ కమిటీ తేల్చింది.

మంగతాయారు అప్పజెప్పే రోజున కనబడకుండా పోయింది ఆ పడుచు ఆకుల్లో ఒకటి, అరవై మూడో నంబరు.

బిళ్ళ దొరికింది. అంట్లు కడిగే తొట్టి జాలీలో దారంతో సహా ఇరుక్కుని ఉంది. ఆకు మాత్రం లేదు. తొట్టి వెతికారు, కాలవ వెతికారు, పొయ్యిల కిందా, బియ్యం డబ్బాల్లోనూ వెతికారు. ఇప్పటి బ్యాచిలో ఉన్న ఇరవై ఇద్దరు ఆడవాళ్ళూ చీరలు ఎగదోపుకుని పెరడంతా గాలించారు. రాలిన మామిడాకులు బుట్టెడు దొరికాయి.

"కనబడుట లేదని పోలీసు వారి నుంచి సర్టిఫికెట్ తీసుకురావలెను," అన్నాడు గున్నేశ్వరరావు. ఆయన వాడుకభాషలో మాట్లాడడం మానేసి పది నెలలైంది. చక్రధరం గారి సావాసం.

మంగతాయారు స్టేషన్‌కి వెళ్ళింది. హెడ్ కానిస్టేబుల్ ఆవిడ చెప్పింది శ్రద్ధగా విని, కలం మూత తీసి, మళ్ళీ పెట్టేశాడు.

"మనిషి తప్పిపోతే ఓ కేసుందండి. గొడ్డు తప్పిపోతే ఓ కేసుందండి. ఆకు తప్పిపోతే ఏ కేసండీ?"

"ఏదో ఒకటి రాయండి బాబూ. నా బదిలీ పోతదండి."

"సరే, గుర్తులు చెప్పండి."

"మూడు ఈనెలండి. ఒకప్పుడు పచ్చగా ఉండేదండి."

"ఆఖరుసారి ఎక్కడ చూశారండి?"

"పలావులోనండి."

హెడ్ కానిస్టేబుల్ కాగితం పక్కన పెట్టి గొంతు తగ్గించాడు. "అమ్మా, మా ఇంట్లో డబ్బాడున్నాయండి. ఓటి తెచ్చిస్తాను, పెట్టేసుకోండి. ఆకూ ఆకూ ఒకటే కదండీ."

ఆ మాట మంగతాయారుకి నచ్చింది. ఆయన్ని శ్రమపెట్టకుండా తనే కిరాణా కొట్టుకి వెళ్ళింది. చేతికందింది తీసుకుని వచ్చేస్తే సరిపోయేది. కానీ పదకొండేళ్ళ అలవాటు ఊరుకోదు కదా. ప్యాకెట్లన్నీ తిరగేసి, వెలుతురులో ఈనెలు చూసి, మొత్తం కొట్లో అన్నింటికంటే మంచి ఆకు ఎంచి తెచ్చింది.

నూకరాజు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకోవాల్సిన అవసరం కూడా రాలేదు. "వాసనొస్తంది మేడమ్. ఇది మనది కాదు."

మంగతాయారు కేంద్రం దగ్గర తను అద్దెకుంటున్న ఇంటికి వెళ్ళి ఆ ఆకుని ఉడకబెట్టడం మొదలుపెట్టింది. ఉడకబెట్టి ఎండలో ఆరేసింది. వాసన పోలేదు. మళ్ళీ ఉడకబెట్టింది. నిక్షేపంలాంటి ఆకు. ఇల్లంతా ఘుమఘుమలాడిపోతోంది. అలాంటిదాన్ని చేతులారా చంపుతున్నందుకు ఆవిడకి కళ్ళనీళ్ళొచ్చాయి. ఎన్నో వందల మందికి వాసన ఎలా నిలబెట్టుకోవాలో చెప్పిన మనిషి, వాసన పోగొట్టడానికి మూడు రోజులు పొయ్యి దగ్గర నిలబడింది. ఆ మూడు రోజులూ ఆవిడకి అన్నం సయించలేదు.

ఆ మధ్యలోనే తాతారావు ఫోన్ చేశాడు.

"తాయారూ, వంటింటి గట్టు కడిగించానే. డబ్బాలు కొన్నాను, స్టీలువి, పన్నెండు. ఏ డబ్బాలో ఏం పోయాలో నాకు తెలీదు, అలా ఖాళీగా ఉంచేశాను. నువ్వొచ్చి పొయ్యి."

"అలాగేనండి."

"ఆకు దొరికిందా?"

"దొరుకుద్దిలెండి."

"ఓ ఆకు కోసం మనిషిని ఆపేస్తారా ఎవరైనా? నేను ఇంజన్ విప్పి బిగిస్తే ఓ బోల్టు మిగులుద్ది. లారీ వెళ్ళట్లేదా?"

మంగతాయారుకి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఫోన్ పెట్టేసి పన్నెండు డబ్బాల్లో ఏమేం పొయ్యాలో కాగితం మీద రాసుకుంది. అది రాసుకుంటే కాస్త ధైర్యం వచ్చింది.

వాసన చచ్చిన ఆకుని నూకరాజు ఒప్పుకున్నాడు. గున్నేశ్వరరావు ఒప్పుకోలేదు. రిజిస్టరు ప్రకారం అరవై మూడో నంబరు ముప్ఫై ఒక్కసారి ఉడికింది, ఇది తొమ్మిదిసార్లే ఉడికినట్టు రంగును బట్టి తెలుస్తోంది, మారు వస్తువు ప్రవేశపెట్టడం నేరం అని రాసి పైకి పంపాడు. అలా పంపినందుకు ఆయనకి మంగతాయారు మీద కోపమేమీ లేదు. పైకి పంపగలిగిన కాగితాన్ని తన దగ్గర ఉంచుకోవడం ఆయన చేతకాని పని.

పద్నాలుగో రోజు ఉదయం చక్రధరం గారు స్వయంగా విచారణకి వచ్చారు. మర్నాటి పొద్దుటికి మంగతాయారు రాజోలులో చేరకపోతే ఉత్తర్వు చెత్తకాగితమవుతుంది. హాల్లో బల్లమీద తొంభై తొమ్మిది ఆకులు బిళ్ళలతో సహా వరసగా పరిచి ఉన్నాయి. అరవై రెండుకీ అరవై నాలుగుకీ మధ్య బిళ్ళ ఒక్కటే ఉంది. ఆడవాళ్ళందరూ పని మానేసి గుమ్మంలో నిలబడ్డారు.

"అరవై మూడో నంబరు పరికరము ఎక్కడ?" అన్నారు చక్రధరం గారు.

"ముప్ఫై ఒక్క పలావుల్లో ఉడికిందండి. చీకిపోయి అన్నంలో కలిసిపోయుంటదండి. ఎవరో తినేసుంటారండి," అంది మంగతాయారు.

"అసంభవము. బిర్యానీ ఆకు తినబడని వస్తువు. ఆ విషయము నా మెమోలో సుస్పష్టముగా ఉన్నది."

"మెమోలో ఉన్నది ఆకుకి తెలీదు కదండీ."

గుమ్మంలో వరహాలు కిసుక్కుమంది. చక్రధరం గారి ముఖం ఎర్రబడింది.

"తినబడని వస్తువును ఎవరో తినినారని చెప్పుట విచారణను పక్కదారి పట్టించుటయే. పూర్తి నివేదిక వచ్చునంతవరకు ఈమె రిలీవింగును నిలుపుదల చేయడమైనది. తదుపరి విచారణ వచ్చే నెల."

వచ్చే నెల అన్న మాట వినగానే మంగతాయారుకి ఒళ్ళు మండిపోయింది. పదకొండేళ్ళుగా ఆవిడ ఎవరి మీదా గొంతెత్తలేదు. అన్నం నీలంగా వచ్చినప్పుడు ఊరుకుంది, పలావులో బిళ్ళలు మోగినప్పుడు ఊరుకుంది. రాజోలులో పన్నెండు డబ్బాలు ఖాళీగా ఉన్నాయి. ఆవిడ బల్ల దగ్గరికి వెళ్ళి అరవై నాలుగో నంబరు ఆకు తీసుకుంది. దారం విప్పి బిళ్ళని జాగ్రత్తగా బల్లమీద పెట్టింది. ఆకుని మడిచి నోట్లో వేసుకుంది.

మంగతాయారు తాపీగా, కళ్ళు చక్రధరం గారి మీంచి తిప్పకుండా నమిలింది. చేదు లేదు, ఘాటు లేదు, తడిసి ఆరిన కాగితం నమిలినట్టుంది. పూర్తిగా మింగి, చెంబెత్తి నీళ్ళు తాగింది.

"ఇదిగోండి. తిన్నానండి. మీరు గరిటె తినమంటే నేను తినలేనండి. ఇది తిన్నాను."

నూకరాజు నోరు వెళ్ళబెట్టాడు. గున్నేశ్వరరావు కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయాడు. చక్రధరం గారు మాత్రం కళ్ళు మూసుకుని ఆలోచనలో పడ్డారు. ఆయన ముందు రెండు దారులున్నాయి. ఆకు పరికరమే అంటే, ఒక ఉద్యోగిని తన కళ్ళెదుట డెడ్ స్టాకుని మింగేసిందనీ, తాను చూస్తూ కూర్చున్నాడనీ పైకి రాసుకోవాలి. ఆకు తిండే అంటే, తన మెమో తప్పని ఒప్పుకోవాలి. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఆయన మెమో ఒక్కటి కూడా తప్పు కాలేదు. పది నిమిషాలకి ఆయన కళ్ళు తెరిచారు.

"నా మెమో సరియైనదే," అన్నారు. "వస్తువు స్వభావము మారినది. ఈ క్షణము నుండి బిర్యానీ ఆకు తిండి పదార్థము. అరవై మూడు, అరవై నాలుగు నంబర్లు వినియోగింపబడినవిగా భావించబడును."

మంగతాయారు రెండు చేతులూ జోడించింది. "మరి నన్ను రిలీవ్ చేసేస్తారాండి?"

"తొందరపడవద్దు. ఇప్పుడు ఇవి తిండి పదార్థములు. ముప్ఫై ఒక్కసారి వండబడినవి. వండిన పదార్థమును నిలవ ఉంచరాదు, పారవేయరాదు అని ఆహార వృథా నివారణ సర్క్యులర్ ఉన్నది. మిగిలిన తొంభై ఎనిమిది ఆకులు తినబడిన పిమ్మటే మీరు చార్జి అప్పగించుటకు వీలగును."

"అంతేకదండీ. పొడి కొట్టి పలావులో కలిపేస్తానండి. అయిదు నిమిషాలు పట్టదు."

"పొడి చేసినచో ఎన్ని తిన్నదీ తేలదు. ఒక్కొక్కటిగా, నా సమక్షమున తినవలెను."

మంగతాయారు బల్ల వైపు చూసింది. తొంభై ఎనిమిది. ఒక్కటి మింగేసరికే గొంతు గీరుకుపోతోంది. సాయంత్రం నాలుగున్నరకి రాజోలు బస్సు. ఆవిడ నిస్త్రాణగా ఇంకో ఆకుకి చెయ్యి చాపింది. ఆ చేతిని వరహాలు వచ్చి పట్టుకుంది.

"మేడమ్, ఇటివ్వండి. మీరొక్కరే ఎందుకు తింటారండి? మేం లేవా?"

ఇరవై ఇద్దరు ఆడవాళ్ళూ వరండాలో బంతి కూర్చున్నారు. వరహాలే కొంగు బిగించి మనిషికి నాలుగు చొప్పున వడ్డించి, తనూ చివర కూర్చుంది. ఒకావిడ ఉప్పు అడిగింది, ఇంకొకావిడ నిమ్మకాయ పిండుకుంది. ఉపవాసం ఉన్న ఒకావిడ ఆకే కదా దోషం లేదని తనకి తనే చెప్పుకుని నమిలింది. నవ్వుకుంటూ, దగ్గుకుంటూ, ఒకరి వీపు ఒకరు నిమురుతూ నమిలారు. మంగతాయారు నీళ్ళ చెంబుతో బంతి చివరి దాకా తిరిగింది. ఆవిడ కళ్ళు ధారలు కడుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. పదకొండేళ్ళలో ఎంతోమంది ఆవిడ వంట తిని బాగుందన్నారు. ఇంత రుచీపచీ లేనిది తనకోసం తిన్నవాళ్ళు వీళ్ళే.

ఎనభై ఎనిమిది అయిపోయాయి. వరహాలు మూతి తుడుచుకుని హాల్లోకి వచ్చింది.

"మా వంతు అయిపోయిందండి. ఇంకా పది ఉన్నాయి. కేంద్రంలో ఇంకెవరున్నారండి?"

నూకరాజు స్టోరు గదిలోకి జారుకోబోయాడు. వరహాలు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నేను పర్యవేక్షణాధికారిని," అన్నారు చక్రధరం గారు.

"మరి తిండి పదార్థవని మీరే చెప్పారు కదండీ. మీరు తినకపోతే, తినేది కాదేమోనని రేపు ఎవరైనా అనరాండి?"

మంగతాయారు మూడు కంచాలు పెట్టింది. చక్రధరం గారికి మూడు, గున్నేశ్వరరావుకి మూడు, చిన్న ఉద్యోగి గనక నూకరాజుకి నాలుగు. అధికారులు తింటున్నంతసేపూ ఇరవై ఇద్దరూ చుట్టూ నిలబడి చూశారు. నూకరాజు కళ్ళు మూసుకుని గబగబా మింగేశాడు. గున్నేశ్వరరావు రెండు మింగి, మూడోది బుగ్గన పెట్టుకుని రిలీవింగ్ ఉత్తర్వు టైపు చేశాడు. కాగితం తెచ్చి చక్రధరం గారి ముందు పెట్టేసరికి ఆయన నోట్లో కూడా మూడో ఆకే ఉంది.

చక్రధరం గారు ఏ కాగితం మీదా ఒక షరతు చేర్చకుండా సంతకం పెట్టి ఎరగరు. ఆయన కలం పైకెత్తి, ఎడమచేతి చూపుడువేలు లేపి, గున్నేశ్వరరావు వైపు చూసి, "మ్... మ్మ్..." అన్నారు. ఆకు మింగుడుపడడం లేదు. ఉమ్మడానికి వీల్లేదు, ఉమ్మితే ఆహార వృథా. గున్నేశ్వరరావు నోరు కూడా ఖాళీగా లేదు గనక ఏమిటి సార్ అని అడగలేకపోయాడు. వేలు కాసేపు గాల్లో అలాగే ఉంది. తర్వాత కిందికి దిగింది. చక్రధరం గారు సంతకం పెట్టారు.

"వెళ్ళొస్తానండి," అని మంగతాయారు ఉత్తర్వు అందుకుంది. సిరా ఆరేదాకా కూడా ఆగలేదు.

రాజోలు బస్సు నాలుగున్నరకి. నాలుగుంబావుకే మంగతాయారు కిటికీ పక్క సీట్లో కూర్చుని, గొంతులో గరగర తగ్గడానికి సోడా తాగుతూ ఉత్తర్వు మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదువుకుంది. అందులో ఒక్క షరతు కూడా లేదు.